జేబులు

ఆటోనగర్ లారీల వరస దాటాక
ఇనుప గేటు.
ఇవతల డీజిల్ వాసన, అవతల గడ్డి వాసన.
ఐదో తరగతి బి సెక్షన్, ముప్ఫై మంది.
ఇరవైతొమ్మిదే తేలారు. మళ్లీ లెక్కపెట్టాను.
ఎల్లేష్ బస్సు కింద దూరి
కుక్కపిల్లతో ఏదో మాట్లాడుతున్నాడు.

వాచర్ జంగయ్య ముందే చెప్పేశాడు:
"పులి లేదు బిడ్డా. సింహం లేదు.
జింకలుంటయ్. అవి గూడ మీ కోసం ఉండయ్."
టికెట్ డబ్బులు వాపసు అడిగే ముఖాలు పెట్టారు పిల్లలు.

అప్పుడు నా ఉపన్యాసం:
ఏదీ తెంపొద్దు, ఏదీ తీయొద్దు,
ఇక్కడిది ఇక్కడే ఉండాలి.
అప్పటికే నా హ్యాండ్‌బ్యాగులో
హాజరు పట్టీ పేజీల మధ్య
ఒక నెమలీక పడుకుని ఉంది.
టికెట్ కిటికీ వెనక దొరికింది.
అది గేటుకి లోపలా, బయటా అని
నాలో నేను కాసేపు వాదించుకుని
గెలిచాను కూడా.

కార్తీకం ఎండ. మట్టిదారి.
మాట్లాడకుండా నడవండి అన్నానంతే,
ఒకరికొకరు "ష్" చెప్పుకుంటూ
అడవంతా "ష్" చేశారు.
ఒక తీతువుపిట్ట లేచి
మేమొచ్చిన సంగతి
చెట్టుచెట్టుకీ చాడీ చెప్పింది.

దారి మధ్యలో నల్లని పెంటికల కుప్ప.
జంగయ్య వంగి, ఒకటి వేళ్లతో నలిపి,
"పొద్దుగాలవే. ఇంక తడి ఆరలేదు" అన్నాడు.
ప్రణవి ముక్కు మూసుకుంది.
ఎల్లేష్ దగ్గరికెళ్లి వాసన చూసి
"గడ్డే కద టీచర్" అన్నాడు.

ముళ్లపంది ముల్లు తరన్నుమ్‌కి దొరికింది.
నలుపూ తెలుపూ పట్టీలు, స్కేలంత పొడుగు.
జూన్ నుంచి ఇప్పటిదాకా
క్లాసులో "ప్రెజెంట్" తప్ప పలకని పిల్ల
జంగయ్యనే అడిగింది:
"ఊడినప్పుడు దానికి నొప్పి లేచిందా?"
ఆయన చాలాసేపు ఆలోచించాడు.
"తల దువ్వుకుంటే నీ ఎంట్రుక ఊడుతది గద,
ఏడుస్తవా?"
ఏడవనన్నట్టు తలూపింది.
ఆ తర్వాత నడక పొడుగునా
జడ చివర తడుముకుంటూనే ఉంది.

జింక కనబడలేదు.
వెతకడం మానేసి
పులిహోర డబ్బాలు విప్పాక కనబడింది.
మెలి తిరిగిన కొమ్ములు,
నల్లని వీపు, తెల్లని పొట్ట.
దాని వెనక ఎక్కడో దూరంగా
కట్టడం సగంలో ఆగిన అపార్ట్‌మెంట్.
హైవే మీద లారీ గొంతు చించుకుంది.
మేం ఉలిక్కిపడ్డాం.
అది నములుతూనే ఉంది.
డేవిడ్‌రాజు నీళ్లసీసా మూత తిప్పాడు,
టిక్.
అంతే. గడ్డి ఊగుతోంది,
జింక లేదు.
వాడు ఆ సీసా తాగనేలేదు.

తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర
జంగయ్య తువ్వాలు పరిచాడు.
"జేబులు తీయుండ్రి."
గులకరాళ్లు, ఎండిన కాయ, ఖాళీ నత్తగుల్ల,
ఎవరో పట్టుకొచ్చిన పెంటిక ఒకటి.
తరన్నుమ్ ముల్లుని
రెండు చేతులతో పడుకోబెట్టి
నావైపు చూసింది.
ముఖం వైపు కాదు. బ్యాగు వైపు.

ఎప్పుడు చూసిందో.
పిల్లల ముందు టీచరు జిప్పు తీస్తే
అంత చప్పుడవుతుందని నాకు తెలీదు.
ఈక తువ్వాల మీద పెట్టాను.
జంగయ్య ఏమీ అనలేదు.
అంటే బావుండేది.

బస్సులో ఎవరూ పాటలు పాడలేదు,
సగం మంది నిద్ర.
నా చీర కుచ్చిళ్లకి, వాళ్ల సాక్సులకి
ఉత్తరేణి గింజలు.
అడవి మా జేబులు వెతికింది గానీ
తనది మాత్రం అడక్కుండా అంటించి పంపింది.
ఎల్.బి. నగర్ సిగ్నల్ దగ్గర
తరన్నుమ్ ఒక్కో గింజా పీకి
కిటికీలోంచి డివైడర్ మట్టిలోకి విసురుతోంది.
చెత్త బయట వేయొద్దని
అరవబోయి,
కొంగు ఆమె వైపు జరిపాను.